గన్నవరం గ్రౌండు: మిలిటరీ విమానాల నుంచి కంప్యూటర్ కంపెనీల దాకా

 

ఈ నెల గోడపత్రికలో సోషల్ వ్యాసం నా వంతు వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం అనగానే మనమందరం హిట్లర్, హిరోషిమా అని రెండు పేరాలు రాసేసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ యుద్ధం మనకు ఎక్కడో దూరాన జరిగినట్టే ఉంటుంది. కానీ అది మన హనుమాన్ జంక్షన్‌కు సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోనే ఒక పెద్ద గుర్తు వదిలిపెట్టి పోయింది. విజయవాడ బస్సు ఎక్కితే గన్నవరం దాటగానే కనపడే పొడుగాటి ప్రహరీ, దాని వెనక విమానాలు. ఆ గ్రౌండు గురించే నా వ్యాసం. ఇది విమానాల మీద సరదా కొద్దీ రాస్తున్నది కాదు. యుద్ధం కోసం తీసుకున్న నేల యుద్ధం అయిపోయాక ఏమయింది, ఎవరికి ఏం వచ్చింది అనే లెక్క తేల్చుకుందామని రాస్తున్నాను. ఈ లెక్క మన గదుల్లో చాలామందికి అవసరం. ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు యుద్ధం సంగతి. 1942 మార్చిలో జపాన్ వాళ్ళు రంగూన్ పట్టుకున్నారు. రంగూన్ అంటే బర్మా. మన కోస్తా జిల్లాల నుంచి ఎంతోమంది కూలీకి వెళ్ళిన చోటు. ఇక మధ్యలో మిగిలింది బంగాళాఖాతమే. ఆ మరుసటి నెల, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అవి ఏ దేశం గడ్డ మీద నుంచో లేచి వచ్చినవి కావు. సముద్రంలో ఓడ మీద నుంచే లేచి వచ్చి, వేసి, మళ్ళీ ఓడ మీదకే వెళ్ళిపోయాయి. దాంతో బ్రిటిష్ వాళ్ళకు ఒక విషయం అర్థమైంది. తూర్పు తీరమంతా ఖాళీగా ఉంది, విమానాలు దిగడానికి జాగాలు చాలవు. అందుకని ఆ యుద్ధకాలంలో మన తెలుగు ప్రాంతంలో విమానాల మైదానాలు వరసగా సిద్ధమయ్యాయి. రాజమండ్రి దగ్గర మధురపూడి, తాడేపల్లిగూడెం, గన్నవరం, ఇంకా లోపలికి పోతే దొనకొండ. గన్నవరం అప్పట్లో మిలిటరీ స్థావరంగా పనిచేసింది.

మరి గన్నవరమే ఎందుకు? మ్యాపు ముందు పెట్టుకుని చూడండి, సమాధానం అందులోనే ఉంది. మద్రాసు–కలకత్తా రోడ్డు అక్కడి నుంచే పోతుంది. అదే మన జంక్షన్ మీదుగా ఏలూరు వెళ్ళే రోడ్డు. మద్రాసు–కలకత్తా రైలు మార్గమూ పక్కనే. మన జంక్షన్‌లో ఉన్న రైల్వే స్టేషనూ ఆ లైను మీదిదే, పేరుకే అది నూజివీడు స్టేషను! యుద్ధ విమానం ఒకటి ఎగరాలంటే దాని వెనక వందల డ్రమ్ముల పెట్రోలు, బాంబులు, సిమెంటు, జవాన్లకు తిండి కావాలి. అవన్నీ ఎద్దుబండి మీద వచ్చేవి కావు. కాబట్టి రైలు పక్కన ఉండాలి. తీరానికి మరీ దగ్గరగా ఉంటే శత్రువు వచ్చేది తెలిసేలోపే బాంబు పడుతుంది. కాస్త లోపలికి ఉంటే సైరన్ మోగించే వ్యవధి ఉంటుంది. గన్నవరం సరిగ్గా అలాంటి చోటు.

నేల సంగతి కూడా చెప్పాలి. కృష్ణా డెల్టా అయిపోయి మెట్ట మొదలయ్యే అంచు అది. ఏలూరు కాలువకు ఒక పక్క వరి, రెండో పక్క మెట్ట, ఇంకా నూజివీడు వైపు పైకి పోతే మామిడి. మామిడి చెట్టుకు నీరు నిలవకూడదు, వేరు కుళ్ళుతుంది. విమానానికీ అంతే, రన్‌వే కింద నీరు నిలిస్తే నేల కుంగుతుంది. నల్లరేగడిలో అయితే ఇంకా కష్టం. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలు తీస్తుంది. అందుకే రన్‌వే వేసేటప్పుడు ముందు చేసే పని చదును చేయడం, రెండోది నీరు పోయే దారి చేయడం. ఆ తరువాత కంకర, గ్రావెల్ పొరలు పరిచి రోలరు తొక్కించడం, ఆపైన తారు గానీ కాంక్రీటు గానీ. యుద్ధకాలంలో తొందరగా కావలసిన చోట చిల్లులు పెట్టిన ఇనుప రేకులను ఒకదానికొకటి తగిలించి నేల మీద పరిచి, దానిమీదే విమానాలు దించేవారట. చిల్లులు ఎందుకంటే బరువు తగ్గడానికి, నీరు ఇంకిపోవడానికి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. అలా చదును చేసి, రాయి పరిచి, రోలరు తొక్కించిన నేలలో మళ్ళీ నాగలి దిగుతుందా? దిగదు. పై మట్టి పోయింది, పొలం గట్లు పోయాయి, బోదెలు పూడిపోయాయి. యుద్ధకాలంలో భారత రక్షణ చట్టం (1939) కింద ప్రభుత్వం భూములను, ఇళ్ళను రిక్విజిషన్ చేయగలిగేది. రిక్విజిషన్ అంటే కొనుక్కోవడం కాదు, అవసరం తీరేదాకా వాడుకోవడం. మాట ప్రకారం అయితే పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. కానీ 1952లో వచ్చిన స్థిరాస్తుల రిక్విజిషన్, సేకరణ చట్టంలో 7వ సెక్షన్ ఒకటుంది. రిక్విజిషన్‌లో ఉన్న ఆస్తిని ప్రభుత్వం శాశ్వతంగా ఎప్పుడు తీసుకోవచ్చో అందులో రాశారు. ప్రభుత్వం తన ఖర్చుతో దాని మీద కట్టడాలు కట్టి, వాటిని పోగొట్టుకోవద్దనుకుంటే తీసుకోవచ్చు. లేదా, ఆస్తిని మునుపటి స్థితికి తేవడానికి ఖర్చు మరీ ఎక్కువై, ఆ నష్టం కట్టకపోతే వెనక్కి తీసుకోనని యజమాని అంటే తీసుకోవచ్చు. నాకు ఇది చదివినప్పుడు ఆశ్చర్యం వేసింది. అంటే ఎంత గట్టిగా రాయి పరిస్తే ఆ నేల అంత గట్టిగా ప్రభుత్వం దగ్గరే ఉండిపోతుందన్నమాట! అయితే చట్టం రాసినవాళ్ళకు నేల సంగతి తెలుసు అని మాత్రం ఒప్పుకోవాలి. ఒకసారి రన్‌వే అయింది మళ్ళీ చేను కాదు, ఇంకేదో అవుతుంది.

ఆ 'ఇంకేదో' ఒక్కో ఊళ్ళో ఒక్కో రకంగా వచ్చింది. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు రన్‌వే మీద ఏళ్ళ తరబడి కార్ల రేసులు, మోటారు సైకిళ్ళ రేసులు పెట్టారు. మన తాడేపల్లిగూడెంలో విమానాల మైదానం విమానాలు లేకుండానే ఉండిపోయింది. 2015లో ఆ ఊరికి ఎన్.ఐ.టి. వచ్చాక దాని కాలేజీకి ఆ భూముల్లోనే స్థలం ఇచ్చారు. దొనకొండ గ్రౌండు అయితే యుద్ధం తరువాత ఏళ్ళకేళ్ళు ఊరికే పడి ఉంది. అక్కడ పెద్ద పరిశ్రమలు వస్తాయని చాలాసార్లు అన్నారు. అన్నింటికంటే పెద్ద ఉదాహరణ సింగపూర్‌లోని చాంగి. 1943–44లో జపాన్ సైన్యం యుద్ధఖైదీల చేత చాకిరీ చేయించి అక్కడ రన్‌వే వేయించింది. యుద్ధం తరువాత అది బ్రిటిష్ విమాన దళం చేతికి వచ్చింది. 1981లో అక్కడే పెద్ద సివిల్ ఎయిర్‌పోర్టు తెరిచారు. గన్నవరం నుంచి మొట్టమొదటి విదేశీ విమానం 2018 డిసెంబరులో బయలుదేరింది. ఎక్కడికి వెళ్ళిందనుకున్నారు? ఆ సింగపూర్‌కే. ఒక యుద్ధపు గ్రౌండు మీద లేచి ఇంకో యుద్ధపు గ్రౌండు మీద దిగింది. విమానం ఎక్కినవాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో మరి.

గన్నవరం కూడా ఒక్కరోజులో పెద్దదైపోలేదు. మిలిటరీ పోయాక సివిల్ ఎయిర్‌పోర్టు అయింది గానీ, చాలాకాలం పెద్దగా రద్దీ లేకుండానే ఉంది. మధ్యలో విమానాలు లేని కాలమూ ఉంది. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ వాళ్ళు హైదరాబాదు నుంచి రోజూ ఒక విమానం మొదలుపెట్టారు. 2011 దాకా రోజుకు నాలుగు విమానాలే. 2013లో విజయవాడలోనే హెడ్డాఫీసు పెట్టుకుని ఎయిర్ కోస్తా అనే విమాన కంపెనీ వచ్చింది. మన ప్రాంతం పేరు రెక్కల మీద రాసుకుని తిరిగింది. 2017 ఫిబ్రవరిలో ఆగిపోయింది. నాకైతే ఆ పేరు చాలా నచ్చింది, ఉండి ఉంటే బాగుండేది.

అసలు మలుపు 2014 జూన్ 2. రాష్ట్రం రెండయింది. హైదరాబాదు ఎయిర్‌పోర్టు తెలంగాణకు వెళ్ళింది. అమరావతి రాజధాని అనేసరికి, దానికి దగ్గరగా ఉన్న గన్నవరం మీద అందరి కళ్ళూ పడ్డాయి. 2017 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచారు, అదే ఏడాది అంతర్జాతీయ హోదాకు కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 2023లో హజ్ యాత్రికులు ఇక్కడి నుంచే నేరుగా బయలుదేరారు. యుద్ధకాలపు మైదానం కాస్తా రాజధాని గుమ్మం అయింది.

కానీ రన్‌వే పొట్టి! ఉన్నది 2,286 మీటర్లు. పెద్ద విమానాలకు అది చాలదు. ఎందుకు చాలదో మన ఫిజిక్స్ పాఠంలో ఉంది. విమానం రెక్కల మీదుగా గాలి ఎంత వేగంగా పోతే అంత పైకి లేస్తుంది. ఎక్కువ బరువుంటే ఎక్కువ వేగం కావాలి, ఎక్కువ వేగానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. పైగా వేసవిలో గాలి వేడెక్కి పలచబడుతుంది. పలచటి గాలి రెక్కను సరిగ్గా మోయలేదు. కాబట్టి డిసెంబరు తెల్లవారుజామున లేచేదాని కంటే మే నెల మధ్యాహ్నం లేచే విమానానికి ఇంకా పొడవు కావాలి. మామిడి పండే ఎండలే విమానానికి ఇబ్బంది అన్నమాట. సరే, 2021లో రన్‌వేను 3,360 మీటర్లు చేశారు. తేడా 1,074 మీటర్లు. మనం స్పోర్ట్స్ రోజున పరుగెత్తే వంద మీటర్ల ట్రాకును పది సార్లు వరసగా పెట్టి, ఇంకొంచెం కలిపితే అంత.

ఆ 1,074 మీటర్లు గాలిలో నుంచి రాలేదు. ఎయిర్‌పోర్టు విస్తరణకు బుద్ధవరం, కేసరపల్లి, అజ్జంపూడి వైపు రైతుల దగ్గర సుమారు 700 ఎకరాలు తీసుకోవాలనుకున్నారు. దారికి అడ్డం వచ్చిన ఏలూరు కాలువనే మళ్ళించే పని పెట్టుకున్నారు. యుద్ధకాలంలో లాగా రాత్రికి రాత్రి ఆర్డరు అంటించి తీసుకోవడం కాదు, ఈసారి భూసమీకరణ అన్నారు. అంటే పొలం ఇచ్చిన రైతుకు డబ్బుకు బదులు రాజధాని ప్రాంతంలో ప్లాట్లు, కొన్నేళ్ళు కౌలు డబ్బు. కాగితం మీద లెక్క బాగానే ఉంది. కానీ 2019 తరువాత అమరావతిలో పనులు ఆగిపోయాయి. 2024 తరువాతే మళ్ళీ మొదలయ్యాయి. ఇక్కడ పొలం వెంటనే రన్‌వే అయింది, అక్కడ ప్లాటు మాత్రం ఏళ్ళ తరబడి కాగితం మీదే ఉండిపోయింది. ఇచ్చేది ఈరోజు, వచ్చేది రేపు అయితే ఆ మధ్యలో ఉండే కష్టం రైతుదే.

ఇక కంప్యూటర్ కంపెనీల సంగతి. ఎయిర్‌పోర్టు పక్కనే కేసరపల్లిలో ఐ.టి. పార్కు ఉంది. హైవే మీద నుంచి కనపడే మేధా టవర్స్ అదే. కట్టాక కంపెనీలు చాలక ఏళ్ళ తరబడి చాలావరకు ఖాళీగా ఉంది. రాష్ట్రం విడిపోయాక కదలిక వచ్చింది. 2018లో హెచ్.సి.ఎల్. కంపెనీ క్యాంపస్‌కు కేసరపల్లిలో శంకుస్థాపన జరిగింది. 2024 జూన్ 12న ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం జరిగింది కూడా ఈ ఐ.టి. పార్కు దగ్గరి మైదానంలోనే, టీవీలో మీరూ చూసే ఉంటారు. కంప్యూటర్ పనికి రన్‌వే ఎందుకు అని అనుమానం రావచ్చు. సాఫ్ట్‌వేర్ తీగల మీద వెళ్తుంది గానీ, పని ఇచ్చే కంపెనీ వాళ్ళు వచ్చి చూసుకోవాలి. దిగిన పది నిమిషాల్లో ఆఫీసుకు చేరితే వాళ్ళకు ఇష్టం. అందుకే ఎయిర్‌పోర్టు పక్కన ముందు ఆఫీసులు, తరువాత హోటళ్ళు, ఆ తరువాత అపార్టుమెంట్లు లేస్తాయి. ఎనభై ఏళ్ళ క్రితం పెట్రోలు డ్రమ్ముల కోసం రోడ్డు పక్కన, రైలు పక్కన ఎంచుకున్న చోటే ఇప్పుడు దీనికీ పనికొచ్చింది.

దీన్ని మన జంక్షన్ దగ్గర మల్లవల్లి పారిశ్రామిక పార్కుతో పోల్చి చూడండి. అక్కడ యుద్ధం నాటి గ్రౌండు లేదు. రోడ్లు, కరెంటు, నీటి లైన్లు అన్నీ కొత్తగా వేసుకుంటూ రావాల్సిందే. అశోక్ లేలాండ్ బస్సుల ఫ్యాక్టరీకి 2018 మార్చిలో శంకుస్థాపన అయితే, ప్రారంభం 2025 మార్చిలో. ఏడేళ్ళు!

చివర్లో చెబుతానన్నది ఇదే. మన హాస్టల్లో కుక్కునూరు, వేలేరుపాడు వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళు ఉన్నారు. వాళ్ళ ఊళ్ళు పోలవరం ముంపులో ఉన్నాయి. గన్నవరం కథకూ ఆ కథకూ తేడా ఉంది. రన్‌వే కింద నేల కనీసం నేలగా ఉంటుంది, ముంపులో నీళ్ళే. కానీ అడగాల్సిన ప్రశ్నలు మాత్రం అవే. 2013 భూసేకరణ చట్టం మనం పెద్దయ్యేలోపు ఒక్కసారైనా చదవాలి. అందులో 41వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు అంగీకారం కావాలి. 101వ సెక్షన్ ప్రకారం, తీసుకున్న భూమిని స్వాధీనం చేసుకున్నాక ఐదేళ్ళు వాడకుండా వదిలేస్తే, అసలు యజమానికి గానీ ప్రభుత్వ భూమి బ్యాంకుకు గానీ తిరిగి వెళ్ళాలి. 'గానీ' అన్న ఆ చిన్న మాట దగ్గర జాగ్రత్త. యజమానికే అని రాయలేదు. ఈ చట్టం యుద్ధంనాడు ఉండి ఉంటే దొనకొండ రైతుల మనవళ్ళు ఇవాళ ఏ పంట వేసుకునేవారో! మన ఏజెన్సీలో అయితే 1/70 రెగ్యులేషన్ కూడా ఉంది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడి పేరు మీదకు పోకూడదు. ఇవన్నీ మా సోషల్ సార్ బోర్డు మీద రాయించారు, నేను నోట్సులో దాచుకున్నాను. ఎవరికైనా కావాలంటే అడగండి, ఇస్తాను.

ఇంకొక లెక్క ఉంది, అది ఉద్యోగాల లెక్క. పొలం ఇచ్చిన ఇంటివాడు ఆ గేటు లోపలికి ఎలా వెళ్తున్నాడు? ఊడ్చడానికేనా, ఇంకేదైనానా? ఎయిర్‌పోర్టు అంటే పైలెట్, ఎయిర్ హోస్టెస్ అని రెండే గుర్తొస్తాయి మనకు. కానీ కంట్రోల్ టవర్‌లో కూర్చుని ఏ విమానం ఎప్పుడు దిగాలో చెప్పేవాళ్ళు ఉంటారు. ఆ ఉద్యోగానికి ఫిజిక్స్, మ్యాథ్స్ ఉన్న బి.ఎస్సీ. లేదా ఇంజనీరింగ్ చదివి కేంద్ర పరీక్ష రాయాలి. ఎస్టీలకు ఏడున్నర శాతం రిజర్వేషన్ ఉంది. విమానం ఇంజను విప్పి బిగించే మెయింటెనెన్స్ ఇంజనీరు కోర్సుకు ఇంటర్ ఎం.పి.సి. చాలు. మంటలార్పే దళంలో ఉద్యోగానికి చదువుతో పాటు దేహదారుఢ్యం, డ్రైవింగు లైసెన్సు అడుగుతారు. మన సీనియర్ అన్నలు పొద్దున్నే పరుగు తీస్తారు చూడండి, ఆ పరుగు పోలీసు సెలెక్షన్‌కే కాదు, దీనికీ పనికొస్తుంది. ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునేటప్పుడు 'మ్యాథ్స్ కష్టం, మనకెందుకు' అని హెచ్.ఇ.సి. రాసేసేవాళ్ళు ఒక్కసారి ఆగి ఆలోచించండి. హెచ్.ఇ.సి. తక్కువని కాదు. భయపడి తీసుకోవద్దంటున్నాను.

ఇప్పుడు ఒక చిన్న పొడుపు. రన్‌వే మొదట్లో తెల్లరంగుతో పెద్ద అంకెలు వేసి ఉంటాయి. గన్నవరం రన్‌వేకు ఒక కొన మీద 08, రెండో కొన మీద 26 అని ఉంటుంది. అవి వరస నంబర్లు కావు. దిక్సూచి ముల్లు ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కేస్తే తూర్పు 90 డిగ్రీలు, దక్షిణం 180, పడమర 270. రన్‌వే 80 డిగ్రీల వైపు చూస్తోంది కాబట్టి చివరి సున్నా తీసేసి 08. అటు నుంచి వచ్చేవాడికి అదే రన్‌వే 260 డిగ్రీల వైపు చూస్తుంది కాబట్టి 26. అంటే తూర్పుకు దాదాపు సూటిగా ఉందన్నమాట.

జపాన్ విమానాలు బాంబులు వేసిన విశాఖపట్నంలోనూ యుద్ధకాలం నాటి విమానాల మైదానం ఉంది. తరువాత అది నేవీ వాళ్ళకూ, సివిల్ విమానాలకూ ఉమ్మడి ఎయిర్‌పోర్టు అయింది. అక్కడి రన్‌వే ఒక కొన మీద 10 అని రాసి ఉంటుంది. రెండో కొన మీద ఏ అంకె ఉంటుంది? సమాధానాలు శుక్రవారం సాయంత్రం స్టడీ అవర్ లోపల గోడపత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వేయండి. పేరు, తరగతి, గది నంబరు రాయడం మరవకండి.